గోళ్లతో ఒలిచిన కాజు

బోధన్,
1964, ఏప్రిల్ మొదటి వారం

చెల్లె రాధాబాయికి,

మోకాలు ఒక్కటి తప్ప నాకు అన్నీ బాగానే ఉన్నాయి. నీ కార్డు అందింది. నా మేనకోడలు సుమిత్రకు ఆడపిల్ల పుట్టిందని చదివి, హన్మాండ్లు హోటల్ ముందర కూర్చున్నవాళ్లందరికీ నా లెక్కన చాయ్ పోయించాను. పదహారు మైళ్ల దూరానికి ఇంతింత ఉత్తరాలు రాసేవాణ్ని నిన్నొక్కణ్నే చూశానంటాడు ఇక్కడి పోస్టుమాస్టరు. మాటను దూరాన్ని బట్టి కొలవడానికి ఇదేమైనా చెరుకుబండి కిరాయా అన్నాను. నవ్వలేదు. కొందరికి హాస్యం అరగదు.

బిడ్డను ఊయలలో వేసే తొట్టెలకు నేను రాలేను. మోకాలు కుండలా వాచింది, బస్సు మెట్టు ఎక్కేట్టు లేదు. కాని మేనమామ ఉత్తచేతులతో ఇంట్లో కూర్చున్నాడన్న మాట మాత్రం రానివ్వను. ఆత్మారాం బావ దోస్తు ఒకాయన చెరుకు పని మీద ఇక్కడికి వచ్చాడు, ఆయన వెంట ఒక సంచి పంపుతున్నాను. విప్పి చూసి బెదరకు. అవి కాజులు. పొట్టుతో సహా.

మనకు కాజు అంటే ఏం తెలుసు? పెండ్లిలో పరమాన్నం వడ్డిస్తుంటే గరిటెలోని ఆ ఒక్క పలుకు మన విస్తట్లో పడుతుందా, పక్కవాడి విస్తట్లో పడుతుందా అని చూడటం తెలుసు. మోర్తాడ్ పెండ్లిలో మన లింబయ్య చిన్నాయన సంగతి గుర్తుందా? తన విస్తట్లో పడ్డ కాజును చివరికి తిందామని అంచున దాచుకున్నాడు. పక్కన కూర్చున్న వియ్యంకుడు, ఈయనకు సయించదేమో అనుకొని, తీసి నోట్లో వేసుకున్నాడు. ఆ రెండిళ్లకు చాలా ఏండ్లు మాటల్లేవు. పిల్ల కాపురానికి పోయింది గాని, ఈయన మాత్రం ఆ కాజును మరవలేదు.

అట్లాంటి కాజు మన సుమిత్ర బిడ్డ తొట్టెలనాడు పిడికెడేసి పడాలి విస్తట్లో.

ఎక్కడివి అంటావా? రుద్రూర్ దారిలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి భూములు కొన్నవాళ్ల క్యాంపు ఉంది. అక్కడ అంకినీడు అని ఒక రైతు. నల్లరేగడిలో అందరిలాగే చెరుకు వేశాడు. కాని ఇంటి వెనక మొరం దిబ్బ ఉంటే, ఆముదం కూడా మొలవని ఆ దిబ్బ మీద సముద్రం పక్క అత్తగారి ఊరి నుంచి గింజలు తెచ్చి నాటాడు. మనవాళ్లంతా నవ్వారు, నేనూ నవ్వాను. ఇప్పుడా చెట్లు కాస్తున్నాయి. పండు పైన, గింజ కింద, పండుకు బయట వేలాడుతూ ఉంటుంది. లోపల పెట్టడం మరిచిపోయి దేవుడు తర్వాత అతికించినట్టు. ఆయనకు కాలువ నీళ్ల గురించి నేనొక అర్జీ రాసిపెట్టాను. దానికి బదులు ఈ సంచి.

ఒలిచే పద్ధతి చెబుతాను, జాగ్రత్తగా చదువు. ఒక రాత్రి తడి గోనెపట్టాలో చుట్టి పెట్టండి, మీరు బీడీలకు నానబెట్టే తునికాకు మెత్తబడ్డట్టు మెత్తబడుతుంది. రాతితో కొట్టకండి. మీ వాడకట్టు ఆడవాళ్లకు వేళ్లే బువ్వ. వేలి మీద రాయి పడితే బీడీ ఎవరు చుడతారు? ఆకు కత్తిరించే కత్తెర ఉంది కదా, దానితో అంచు కోసి గోళ్లతో ఒలవండి. చింతపండు కొట్టేటప్పుడు పిలుస్తావు చూడు, అట్లా నలుగురినీ పిలువు. ఒక పొద్దు పని.

పరమాన్నం ఎట్లా ఉందో, ఎవరు ఏమన్నారో ఒక్కటీ వదలకుండా రాయి.

మీ అన్న
భోజన్న


నిజామాబాద్,
ఏప్రిల్ చివర

అన్నా,

తొట్టెల అయిపోయింది. పిల్లకు గంగామణి అని పేరు పెట్టారు. వచ్చినవాళ్లంతా తిని పోయారు. సుమిత్ర బాగానే ఉంది.

అక్షరాలు వంకరగా ఉన్నాయని అనుకోకు, ఎడమచేత్తో రాస్తున్నాను. కుడిచేతికి కొంచెం నొప్పి. పెద్దది ఏమీ కాదు.

ఒక మాట అడుగుతాను. గింజలు ఇచ్చేటప్పుడు ఆ అంకినీడు గారు నీకు ఏమైనా చెప్పాడా? ఊరికే అడుగుతున్నా.

మోకాలికి ఆముదం రాయి.

నీ చెల్లె
రాధ


బోధన్,
మే

చెల్లెకు,

నీకు అక్షరాలు నేర్పింది నేను. అఆలు దిద్దించేటప్పుడే ఎడమచేయి ముందుకొస్తే వేళ్ల మీద కొట్టేవాణ్ని. ఇప్పుడు అదే చేత్తో నాకు ఉత్తరం రాస్తావా? సరే, నొప్పి అన్నావు కనుక క్షమించాను.

కాని అంత సంచి పంపితే కాజు గురించి ఒక్క ముక్క రాయవేం? హన్మాండ్లు రోజూ పొద్దున అడుగుతున్నాడు. "భోజన్నా, మీ చెల్లె ఏమని రాసింది? పరమాన్నం ఎట్లయింది?" నేనేం చెప్పను? "విస్తరికి పిడికెడు పడ్డదట, బువ్వ తక్కువ కాజు ఎక్కువయిందట" అని చెప్పాను. అక్కడితో ఆగానా? సుమిత్ర అత్తగారు కొంగున కట్టుకుపోయిందని కూడా చెప్పాను. ఫ్యాక్టరీలో చెరుకు తూచే కాంటా దగ్గర పనిచేసినన్నాళ్లూ నేనొక్క బండికి ఒక్క సేరు ఎక్కువ రాయలేదు. మాటల కాంటా మాత్రం నా చేతిలో కొంచెం మొగ్గుతుంది, నీకు తెలుసు.

అంకినీడు ఏమైనా చెప్పాడా అని అడిగావు. ఆయన ఏం చెబుతాడు? ఇచ్చాడు, తీసుకున్నాను.

పండు తిన్నాను మొన్న. వాసన బాగుంటుంది, తింటే గొంతు పట్టేస్తుంది. గింజ కోసం లోకమంతా పాకులాడుతుంది, పండు చెట్టు కిందనే మురిగిపోతుంది. ఆ క్యాంపులో గొడ్లు కూడా దాని జోలికి పోవు. దీని మీద నాకు చాలా ఆలోచన వచ్చింది, ఇంకోసారి రాస్తాను.

అసలు మాట. ఇంకో సంచి సంపాదించాను. ఇది నీకు కాదు, మీ వాడకట్టు మొత్తానికి. వాళ్లు ఒలిచిపెట్టారు కదా, ఇంటింటికీ పంచు. బోధన్ భోజన్న పంపాడని చెప్పి పంచు. వచ్చే వారం చక్కెర లారీలో వస్తుంది.

మీ అన్న


నిజామాబాద్,
మే

అన్నా,

సంచి పంపకు. లారీ ఎక్కించి ఉంటే దింపించు. నీ కాళ్లు పట్టుకుంటాను, పంపకు.

నీకు చెప్పవద్దనుకున్నాను. ఇప్పుడు చెప్పకపోతే ఇంకో సంచి వస్తుంది.

నువ్వు రాసినట్టే చేశాను. తడి గోనెలో పెట్టాను. తెల్లారి అందరినీ పిలిచాను. పక్కింటి వెంకటవ్వ, రేణుకమ్మ, ఇంకా వాడకట్టులో సగంమంది వచ్చారు. ఎవరి కత్తెర వాళ్లు తెచ్చుకున్నారు. ఎంత నవ్వుకున్నామో. వెంకటవ్వ ఒక గింజ పట్టుకొని, "గిది సూడు రాధవ్వా, మా అత్త ముక్కు లెక్క వంకర తిరిగున్నది. గట్టిగ నొక్కుత ఆగు" అన్నది. నువ్వు చెప్పిన మాట నేను వాళ్లకు చెప్పాను, వేళ్లు జాగ్రత్త, రాయి వద్దు, గోళ్లతో ఒలవండి అని. జిగురు జిగురుగా నూనె లాంటిది వచ్చింది. పచ్చిది కదా అనుకున్నాము. చేతులు కొంగులకు తుడుచుకున్నాము. మొఖాలు తుడుచుకున్నాము.

తెల్లారి లేచేసరికి వేళ్లన్నీ బొబ్బలు. బట్టల మీద గుర్తులు పెట్టే నల్లజీడి రసం తగిలినట్టు కాలాయి. కొందరికి చెంపలు, కొందరికి కనురెప్పలు. మీ బావ ఒక పలుకు నోట్లో వేసుకుంటే పెదవి ఉబ్బింది. పలుకులన్నీ గుంత తీసి పూడ్చాను. పరమాన్నంలో కొబ్బరిముక్కలు వేశాను. నువ్వు హన్మాండ్లుకు చెప్పింది చదివి ఏడ్చాను.

బొబ్బలు చితికి చర్మం ఊడటం మొదలైంది. అయినా రెండు రోజులు బీడీలు చుట్టారు. కార్ఖానాలో లెక్క చూసేవాడు చేతులు చూసి, "తోలు ఊడే చేతులతోని సుట్టిన బీడీ ఎవడు నోట్ల పెట్టుకుంటడు? మానినంక రాండ్రి" అని ఆకు ఇవ్వకుండా వెళ్లగొట్టాడు. ఒలిచినవాళ్లందరినీ. మగడు పనిచేసే ఇల్లు ఎట్లాగో గడుస్తుంది. వెంకటవ్వకు ఎవరున్నారు? కొడుకు బొంబాయిలో మిల్లులో ఉన్నాడు, పంపితే పంపుతాడు, లేకపోతే లేదు. ఆమె ఇంట్లో పొయ్యి వెలగలేదని తెలిసి నేను జొన్నరొట్టెలు తీసుకుపోతే, తలుపు సగం తీసి, "నీ ఇంటి తిండి ఇంక మాకు వద్దు తల్లీ" అన్నది.

అన్నా, ఇంకొకటి. సంచి నువ్వు పంపావని నేను ఎవరికీ చెప్పలేదు. మేనమామ రాకుండా సంచి పంపి చేతులు దులుపుకున్నాడు అంటారని, అంగట్లో కొన్నానని ముందే చెప్పాను. ఇప్పుడు వాళ్లు ఏమంటున్నారో తెలుసా? "సస్తగ దొరికిందని ఖరాబు మాల్ కొన్నది, కూలి లేకుండ మాతోని ఒలిపిచ్చింది." అదీ నా పేరు ఇప్పుడు. నువ్వు అక్షరాలు నేర్పినందుకు వాడకట్టులో ఎవరికి ఉత్తరం వచ్చినా నా దగ్గరికే తెచ్చేవాళ్లు. మొన్న వెంకటవ్వ కొడుకు ఉత్తరం వస్తే, పోస్టుమాన్‌ను నిలబెట్టి ఆయనతో చదివించుకుంది. మా వాకిలి ముందరే.

అందుకే అడిగాను అంకినీడు గారు ఏమైనా చెప్పాడా అని. మళ్లీ అడుగుతున్నాను.

రాధ


బోధన్,
మే

రాధా,

సంచి ఆపాను.

నాకు ఏమీ తెలియదు. అంకినీడు ఒక్క మాట చెప్పలేదు. చెప్పి ఉంటే నేను పంపుతానా? పరాయి జిల్లా మనిషి, మన చేతులు కాలితే ఆయనకేం? అర్జీకి డబ్బు ఇవ్వకుండా తప్పించుకోవడానికి ఆ గింజలు అంటగట్టాడు. ఇట్లాంటివాడని తెలిస్తే ఆ అర్జీ రాసేవాణ్నే కాదు.

కొబ్బరినూనె రాయండి.

భోజన్న


నిజామాబాద్,
జూన్

అన్నా,

నీ ఉత్తరం మీ బావ చదివాడు. చదివి, మచ్చపడి పాలిపోయిన ఆ పెదవితోనే పొద్దుటి బస్సెక్కి రుద్రూర్ దారిలో దిగాడు. క్యాంపుకు పోయి, పదిమందిలో అంకినీడును పట్టుకొని, "ఆడోళ్ల చేతులు కాల్చినవ్ కదర" అని నోటికి వచ్చినట్టు తిట్టాడు.

ఆయన ఊరుకున్నాడా? ఊరుకునే మనిషి కాదట. ఆయన అన్న మాట మీ బావ ఇంటికొచ్చి నాకు అట్లాగే చెప్పాడు, ఆయన యాసతో సహా.

"నామీదకొస్తావేంటయ్యా? కాల్చకుండా ఒలవకూడదని మా వైపు పాకే పిల్లకి కూడా తెలుసు. నిప్పుల మీద పొట్టు మాడ్చి, బూడిదలో దొర్లించి, అప్పుడు కొట్టాలి. అది చెబుదామని నోరు తెరిస్తే మీ బావగారు, ‘కానీండి సార్, గింజ ఒలవడం మాకు నేర్పుతారా’ అని సంచి భుజానేసుకుని లేచిపోయాడు. బండి దాకా వెంటపడ్డాను. వింటేగా! వెళ్లి ఆయన్ని అడుగు."

మీ బావ నన్ను తిట్టలేదు. అన్నం తిని చేయి కడుక్కొని, "మీ అన్నకు తెల్వంది లేదు" అన్నాడు. తర్వాత నవ్వాడు. ఆ నవ్వు వినడం కన్నా బొబ్బలు నయం.

మోకాలు నొప్పి ఉన్నవాడివి సంచి భుజాన వేసుకొని బండి దాకా నడిచావన్నమాట. అది కూడా అప్పుడే తెలిసింది. తొట్టెలకు ఎందుకు రాలేదో నాకు ఇప్పుడు చెప్పవద్దు.

వాడకట్టులో నేను ఎవరికీ చెప్పను. కొన్నాననే ఉండనీ. నువ్వు నాకు చెప్పలేదు, నేను వాళ్లకు చెప్పలేదు, ఇద్దరం ఒక్క తల్లి కడుపున పుట్టినవాళ్లమే. సుమిత్రను అత్తగారింట్లో దింపి రావడానికి బేస్తవారం ధర్పల్లి పోతున్నాను. నాలుగు రోజులు అక్కడే ఉంటాను. నువ్వు ఇంక ఉత్తరాలు రాయకు. చదవడానికి చేతులు అక్కర్లేదు గాని, మనసు కావాలి.

రాధ


బోధన్,
జూన్

రాధా,

రాయవద్దన్నావు. ఇది ఒక్కటీ చదివి పొయ్యిలో వెయ్యి.

మోకాలు అబద్ధం. మేనమామ బంగారం పెట్టాలి తొట్టెలలో. నా దగ్గర లేదు. కాజుతో కప్పిపుచ్చుదామనుకున్నాను. అందుకే ఆ సంచి చేతికి రాగానే అంకినీడు మాట వినలేదు. ఇక్కడ హోటల్ ముందర నేను అన్నీ తెలిసినవాణ్ని. నలుగురూ చూస్తుండగా ఇంకొకడు నాకు నేర్పుతుంటే కూర్చొని వినాలా అనిపించింది. ఇంతే. దీనికి ఇంకో కథ లేదు.

ముందు అంకినీడు దగ్గరికి పోయాను. గొడ్లకు మేత వేస్తున్నాడు, తల ఎత్తలేదు. చెప్పాల్సింది ఆయన వీపుకు చెప్పి వచ్చాను.

తర్వాత మీ వాడకట్టుకు వచ్చాను. నువ్వు ధర్పల్లిలో ఉన్న రోజు చూసుకొనే వచ్చాను. నీ ముందర చెప్పే ధైర్యం లేదు. బస్సులో దారి పొడుగునా ఏం మాట్లాడాలో అల్లుకున్నాను. సముద్రం అవతలి దేశాల నుంచి ఈ చెట్టు ఎట్లా వచ్చిందో మొదలుపెట్టి, మెల్లగా సంచి దాకా రావాలని. వెంకటవ్వ వాకిట్లో కూర్చొని ఉంది. రేణుకమ్మ, ఇంకొందరు చుట్టూ ఉన్నారు.

"ఎవలయ్యా నువ్వు?"

"రాధాబాయి అన్నను. బోధన్ నుంచి వచ్చాను."

"ఇంట్ల లేదు. తాళం సూస్తలేవా?"

"మీతోనే పని అవ్వా. ఈ కాజు అనేది ఉంది చూడండి, ఇది..."

"గా పేరు తియ్యకు. తీసినవంటే చెప్పు తెగెదాక కొడ్త."

అల్లుకున్నదంతా ఎగిరిపోయింది. "సంచి నేను పంపాను. ఆమె కొనలేదు" అన్నాను.

రేణుకమ్మ అన్నది, "మరి అంగట్ల కొన్న అన్నది కద?"

"నా పరువు కోసం అట్లా చెప్పింది."

"కాలుతదని నీకు తెల్వదా?" అన్నది వెంకటవ్వ.

తెలియదు అంటే సరిపోయేది రాధా. అది నిజం కూడా. ఆ మాట నాలుక దాకా వచ్చింది. నీకు రాసిన ఉత్తరంలో వచ్చినట్టే వచ్చింది. మింగాను. "ఇచ్చినాయన చెప్పబోయాడు. నేను వినలేదు" అన్నాను.

"ఎందుకు ఇనలె?"

ఇన్నేండ్లుగా బోధన్‌లో ఎవరు ఏది అడిగినా నేను జవాబు చెప్పాను. తెలిసినా చెప్పాను, తెలియకపోయినా చెప్పాను. పైన నీకు రాసింది కూడా నిన్న రాత్రి దాకా నాకు మాటల్లో దొరకలేదు. ఆమె తన రెండు చేతులు నా ముందర పెట్టింది. కొత్త చర్మం వచ్చింది గాని ఎర్రగా, పొర లాగా ఉంది. వాటిని చూడకుండా నేను గోడ వైపు చూస్తే, "గోడ మీద ఏమున్నది? ఇటు సూడు" అన్నది. చూశాను.

తర్వాత లోపలికి పోయి ఆకు కట్ట, ఆకు కొలత రేకు, కత్తెర తెచ్చి నా ఒళ్లో పడేసింది. "నిన్ననే మల్ల ఆకు ఇచ్చిండ్రు. సుట్టుడు వశమైతుంది గని, కత్తెర పట్టుకుంటె వేలు పలుగుతుంది. కూసో. గీ రేకు పెట్టి కత్తిరియ్యి."

కూర్చున్నాను. నాలుగు ఆకులు కోసి, ఊరికే ఉండలేక, "మా లింబయ్య చిన్నాయన ఒకాయన ఉండేవాడు అవ్వా..." అని ఎత్తుకున్నాను.

"మాట్లాడకు. మాట్లాడితె ఆకు ఖరాబైతది."

సాయంత్రం దాకా నోరు తెరవలేదు. కత్తెర బొటనవేలిని కోసింది, చెప్పలేదు. నేను కోసిన ఆకులన్నీ ఆమె ఒక్కొక్కటే రేకు మీద పెట్టి చూసింది. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, ఒకటి మూలకు చిరిగింది. "గివ్వి మేకకు ఏస్తె మేక నన్ను తిడ్తది" అని చాటలోంచి దులిపేసింది. ఆడవాళ్లంతా నవ్వారు. నేను నవ్వబోయి, నాకు ఆ హక్కు ఉందా అని ఆగాను. లేచి వస్తుంటే ఎవరూ కూర్చోమనలేదు, పొమ్మనలేదు.

నువ్వు ఖరాబు మాల్ కొన్నావన్న మాట ఇప్పుడు మీ వాడకట్టులో లేదు. నేను చేసింది ఉంది. అది ఉండాల్సిందే.

భోజన్న


నిజామాబాద్,
జూన్

అన్నా,

ఉత్తరం చదివాను. పొయ్యిలో వేయలేదు.

ధర్పల్లి నుంచి వచ్చి తాళం తీస్తుంటే వెంకటవ్వ వచ్చి గడపలో కూర్చుంది. నేను కూడా చాట ముందర పెట్టుకొని కూర్చున్నాను. ఆమె, "మీ అన్న అంటె మీ అన్న, ఆయన తీరే గంత. నాతోని నువ్వెందుకు అబద్ధమాడినవ్?" అన్నది. ఆమె జవాబు కోసం ఎదురుచూడలేదు. లేచి పోతూ, కార్ఖానాలో మంగళవారం పెద్ద కట్టలు ఇస్తారని, ఆకు కత్తిరించడానికి ఇంకా వేళ్లు వంగడం లేదని అన్నది.

"గాయన్ను రమ్మని రాయి. నోరు మూసుకొని రమ్మని రాయి."

రాశాను. మంగళవారం పొద్దుటి బస్సుకే రా.

నీ చెల్లె
రాధ